అడిగినదానికే జవాబు

మా చెల్లెలు వకీలు. వారమంతా కోర్టులో అరుస్తుంది, ఆదివారం నా టైలరింగ్ షాపుకొచ్చి నా ప్రాణం తోడేస్తుంది. లేనివాళ్ళ కేసులు ఊరికే చూస్తుంది. చూడనీ, ఎవరు కాదన్నారు? అందుకు నా షాపే దొరికిందా! కోర్టు మెట్లు చూస్తేనే కాళ్ళు వణికే మనుషులు ఇక్కడికైతే బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినట్టు వస్తారట. నిజమే, వస్తారు. నా కత్తిరింపు బల్ల నిండా ఫైళ్ళు పరుస్తుంది.

"వేరే ఆఫీసు చూసుకోవే తల్లీ, నన్నొదిలెయ్!" అని మొత్తుకుంటే నవ్వుతుంది.

"నీ తిట్లు వింటే వాళ్ళకి ఇంట్లో ఉన్నట్టుంటుందే అక్కా. భయం పోతుంది."

ఏమనాలి దీన్ని? చిన్నప్పుడూ అంతే. ఇంట్లో ఎవరికి దెబ్బలు పడబోతున్నా మధ్యలో దూరేది. నాకు పడాల్సినవీ కొన్ని అదే తింది.

అలా ఒక ఆదివారం ఒక అమ్మమ్మ వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. కూతురు పోతే, పొత్తిళ్ళలోని మనవరాలిని తనే పెంచింది. పిల్ల బడికి వెళ్ళే ఈడుకొచ్చాక అల్లుడు ఊడిపడి, నా బిడ్డ నాకు కావాలని కేసు వేశాడు.

"దాన్ని తీసుకుపోతే నేనేమైపోను తల్లీ?" అని ఆవిడ నా బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. కత్తిరించి పెట్టిన గుడ్డ తడిసిపోయింది. మామూలుగా అయితే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు ఆ గుడ్డతోనే ఆవిడ కళ్ళు తుడిచాను.

చిక్కల్లా ఏమిటంటే, ఆవిడ ఊరు అడిగితే ఊళ్ళోవాళ్ళందరి కథలూ చెప్పే మనిషి. కోర్టులో అలా చెబితే అవతలివాళ్ళు ఏ మాట పట్టుకుని లాగుతారోనని మా చెల్లెలి భయం. అందుకని సాక్ష్యం అభ్యాసం మొదలుపెట్టింది. మెడలో టేపు వేసుకుని నేను జడ్జిని.

"అడిగినదానికే జవాబు చెప్పాలి అమ్మమ్మా. ఒక్క ముక్క ఎక్కువొద్దు," అని నూరిపోసింది. మాట గీత దాటితే నేను కత్తెర టకటకలాడించాలి. మొదట్లో నా చేతులు నొప్పి పుట్టాయి. పోనుపోనూ కత్తెర పట్టే పనే లేకుండా పోయింది.

సాక్ష్యం రోజున షాపు మూసి నేనూ వెళ్ళాను. ఆవిడ నా చెయ్యి వదిలితేగా! అవతలి వకీలు లేచాడు.

"మీ అల్లుడు పాపని చూడ్డానికి వచ్చాడా?"

"వచ్చాడండి."

"బొమ్మలు తెచ్చాడా?"

"తెచ్చాడండి."

"మంచివాడేనా?"

"మంచివాడేనండి."

అంతే! ఆ వకీలు పెళ్ళికొడుకులా వెలిగిపోతూ కూర్చున్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎన్నాళ్ళకొచ్చాడో చెప్పొద్దూ! పైగా ఆవిడ నావైపు చూసి, కత్తెర చప్పుడు లేదు కదా అన్నట్టు తృప్తిగా తలాడించింది.

మా చెల్లెలు లేచి నిలబడింది. "అయ్యా, తప్పు నాది. ఎక్కువ మాట్లాడొద్దని నేనే ఆవిడ నోరు కట్టేశాను. ఒక్కసారి ఆవిడ మాట పూర్తిగా వినండి."

ఆ జడ్జిగారు సెలవు రోజుల్లో వీధుల్లో కుర్చీ వేసుకుని జనానికి చట్టం గురించి చెప్పే మనిషి. పైనుంచి దిగి వచ్చి ఆవిడకెదురుగా కూర్చున్నారు.

"వకీళ్ళని మర్చిపోండమ్మా. మీ మనసులో ఉన్నదంతా నాకు చెప్పండి."

"అంతానా అండి?"

"అంతా."

ఇక చూడాలి! జ్వరాలు, పాలపళ్ళు, అమ్మమ్మ చెవి పట్టుకుంటేగాని పిల్లకి నిద్రపట్టకపోవడం, అన్నీ చెప్పింది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను. అప్పుడు ఆవిడ గొంతు తగ్గింది.

"అబ్బాయి చాలాసార్లు వచ్చాడయ్యా. నేనే తలుపు తియ్యలేదు. దీపం ఆర్పేసి, పిల్ల నోరు మూసి కూర్చునేదాన్ని. బొమ్మలు గుమ్మంలో పెట్టి పోయేవాడు. కూతురెలాగూ పోయింది, ఇదీ పోతుందేమోనని..."

ఈ మాట ఆవిడ మాకు కూడా చెప్పలేదు. మా చెల్లెలు తల దించుకుంది. అల్లుడు అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. అంతవరకూ మనసులో అతన్ని తిట్టిపోస్తున్న నాకు ఎటు చూడాలో తెలియలేదు.

పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండాలని, తండ్రి ప్రతి ఆదివారం చూడాలని జడ్జిగారు తేల్చారు. ఎక్కడ చూడాలి? ఒకరింటికి ఒకరు వెళ్ళే స్థితిలో లేరు.

"మా అక్క షాపుందండి," అంది మా చెల్లెలు. నన్నొక్క మాట అడిగిందా? అబ్బే!

మొదటి ఆదివారం అతను బొమ్మ పట్టుకుని అద్దాల తలుపు బయట నిలబడ్డాడు. తట్టలేదు. తలుపులు తట్టీ తట్టీ విసిగిన మనిషి కదా. పిల్ల అమ్మమ్మ కొంగు పట్టుకుంది. అమ్మమ్మ కదల్లేదు. మా చెల్లెలు ఏదో చెప్పబోయింది. నేను కత్తెర టకటకలాడించాను. నోరు మూసుకుంది.

అమ్మమ్మ లేచి వెళ్ళి తలుపు తీసింది.

"లోపలికి రా నాయనా," అంది.