సుబ్బన్న ఈల

కొమరోలు పక్క పల్లెలో గొర్రెలు మేపే సుబ్బన్నకు మధ్యాహ్నం కునుకు పడితే చాలు, అదే కల. కలలో పెదవి పాత పెదవే. ఈల వేస్తే కొండ అంచు దాకా పోతుంది. బొల్లిమొహం గొర్రె అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చి అతని మోకాలికి మూతి ఆనిస్తుంది. మెలకువ రాగానే కింది పెదవి తడుముకుంటాడు. ఒక పక్క పలచబడి, తెల్లగా పాలిపోయి ఉంటుంది.

అక్కడ పుండు లేచి ఎంతకీ మానకపోతే కర్నూలు ఆసుపత్రిలో క్యాన్సరన్నారు. కోసి తీసేయొచ్చు, లేదంటే పెదవిలోకి సూదులు గుచ్చి లోపలి నుంచే రేడియేషన్ కరెంటు పెట్టొచ్చు అన్నాడు డాక్టరు. బతుకుతానా అని అడగాల్సిన మనిషి అడిగిందేమో ఇది:

"సారూ, దేంట్లోనైతే ఈల మిగుల్తాది?"

పాపం, ఆ డాక్టరును అంతకుముందు ఎవరూ ఆ మాట అడిగి ఉండరు. సూదులతో పెదవి నిలుస్తుంది, ఈల సంగతి చెప్పలేనన్నాడు. సుబ్బన్న సూదులే కావాలన్నాడు. ఊళ్ళో నవ్వారు. నవ్వినవాళ్ళలో గొర్రెలున్నవాడు ఒక్కడూ లేడు. వాగు దగ్గర రెండు మందలు కలిసిపోతే, ఎవరి ఈల వాళ్ళు వేస్తేనే ఎవరి జీవాలు వాళ్ళ వెంట నడుస్తాయి.

రోగం పోయింది, ఏళ్ళు గడిచినా తిరిగి రాలేదు. చూపించుకోవడానికి పోయినప్పుడల్లా డాక్టరుకు సంతోషమే. పెదవి మాత్రం ఎండకు పగులుతుంది, ఊరగాయ తగిలితే మండుతుంది. భార్య పుల్లమ్మ నెయ్యి రాయనిదే గడప దాటనివ్వదు. ఈల వేస్తే గాలి పక్కకు జారి బుస్సుమంటుంది. మొదట్లో ఆ బుస్సు విని మంద అతన్ని పరాయివాడిలా చూసింది. తనలాగే గొర్రెలు మేపే చెంచమ్మ మందలో కలిసిన తన గొర్రెలను చెవులు పట్టి లాక్కోవలసి వచ్చిన రోజు సుబ్బన్న వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం వేపచెట్టు కింద కల నుంచి లేచేసరికి, వాగులో చెంచమ్మ మంద తన మందతో కలిసిపోయి ఉంది. కల తీపి ఇంకా నోట్లోనే ఉంది. ఏం తోచిందో, పెదవి పక్కన వేలు నొక్కిపట్టి ఊదాడు. గాలి జారలేదు. పాత ఈల, నిండుగా, కొండ అంచు దాకా పోయింది. సుబ్బన్న ఒళ్ళు పులకరించింది.

ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు.

"ఎవుర్ని పిలుస్తాండావు అన్నా?" అంది చెంచమ్మ మెల్లగా. "ఆ ఈల ఎరిగిన గొర్రెలు ఇప్పుడు యాడుండాయి?"

నిజమే. బొల్లిమొహంది పోయి ఎన్నాళ్ళయిందో. ఇప్పుడున్నవన్నీ సూదుల తర్వాత పుట్టినవి. సుబ్బన్న వేలు తీసేసి, పగిలిన పెదవితో బుస్సుమనిపించాడు.

నీళ్ళలోంచి అతని మంద మొత్తం తలలెత్తి, విడివడి, అతని వైపు నడిచి వచ్చింది.