టమాటా మండీలో నాగరాజప్ప వేలం

మదనపల్లె టమాటా మండీలో నేను బిల్లులు రాస్తాను. మా దగ్గర వేలం వేసే నాగరాజప్ప గొంతు ఎంత పెద్దదో, నోరు అంత చెడ్డది. మధ్యమధ్యలో ఆడవాళ్ల మీద ఓ వెకిలి జోకు వేయకపోతే ఆయనకు వేలం ముందుకు సాగదు. వ్యాపారులు నవ్వుతారు, కాయలు ఏరే ఆడవాళ్లు తల దించుకుంటారు. ఏళ్ల తరబడి ఇదే తంతు.

ఈ రోజు పొద్దున, కొత్తగా పనిలో చేరిన రెడ్డెమ్మను చూపించి, "కాయల్ని సూస్తారా, ఏరే పిల్లను సూస్తారా అప్పా?" అన్నాడు. ఎందుకో ఈసారి ఒకరిద్దరే నవ్వారు. రెడ్డెమ్మ పక్కన కాయలేరుతున్న గంగులమ్మ మాత్రం లేచింది. ఖాళీ క్రేటు బోర్లించి, దాని మీదికెక్కి, అచ్చం ఆయనలాగే కేకేసింది.

"రాండప్పా రాండి! ఈ కాయ పేరు నాగరాజప్ప! పైన ఎర్రగా ఉండాది, లోపలంతా కుళ్లు. ఎవురన్నా పాడతారా?"

మండీ అంతా గొల్లున నవ్వింది గానీ, పాట పాడినవాడు ఒక్కడూ లేడు. ఆమె "ఒకటోసారి, రెండోసారి" అంటుంటే నాగరాజప్పే చేతులు జోడించాడు.

"నన్ను నేనే ఇడిపించుకుంటానమ్మా. ఏమియ్యాల?"

"ఇంక టమాటాల గురించే మాట్లాడు. అంతే సాలు."

అలాగే మాట్లాడాడు పాపం. రోజూ మధ్యాహ్నం దాకా లాగే వేలం, ఈ రోజు టిఫిన్ వేళకే అయిపోయింది!

గంగులమ్మ ఎక్కిన క్రేటును మేమెవరమూ కదపలేదు, అక్కడే బోర్లించి ఉంది. మీ ఆఫీసుకూ ఒకటి కావాలంటే చెప్పండి, పంపిస్తాం.