గేటు దగ్గర భద్రమ్మ

మా తోడికోడలు భద్రమ్మ జనగామలో చిప్స్ కవర్లు, మసాలా పొట్లాలు ఏరేది. పాతసామాను కొనే కుమారస్వామి ఒకరోజు ఆమె మూటను నలుగురి ముందు మురికి నీళ్ల మోరీలోకి తన్నాడు. "గీ చెత్త ఎవడు కొంటడే? నీ మొఖానికే సరిపోతది," అన్నాడు. తొమ్మిదేళ్లు ఆమె ఆ మాట మరువలేదు.

ఇప్పుడు అవే కవర్లను కరిగించి నూనె తీసే బట్టీ ఊరి బయట పెట్టారు. గేటు దగ్గర సరుకు చూసేది భద్రమ్మే. ఆమె వద్దంటే బండి వెనక్కే. పీవీసీ పైపుముక్కలు కలిస్తే నూనె చెడుతుంది, బట్టీ తుప్పు పడుతుంది. అందుకని రాగితీగను ఎర్రగా కాల్చి, ముక్కకు అంటించి, మళ్లీ మంటలో పెడుతుంది. మంట ఆకుపచ్చగా లేస్తే పైపుముక్కే. చదువు నాకూ లేదు, ఆమెకూ లేదు. ఆ తీగ చదువు మాత్రం ఆమెకొచ్చు.

మొన్న కుమారస్వామి ట్రాలీ నిండా కవర్లు తెచ్చాడు. బరువు కోసం అడుగున పైపుముక్కలు కలిపాడు. మంట ఆకుపచ్చగా లేచింది.

"అక్కా, జర ఆగు. ఏరేస్త."

"ఏరు నాయినా. కింద కూసొని ఏరు."

మధ్యాహ్నం దాకా అందరూ చూస్తుండగా ఏరాడు. భద్రమ్మ మళ్లీ తీగ కాల్చి చూసింది. మంట మామూలుగానే ఉంది.

"ఇగ తీస్కపో," అంది.

"సరుకు మంచిగనే ఉన్నది కదక్కా!"

"సరుకు మంచిదే. నువ్వే మంచోనివి కాదు."

పాపం అని కొందరన్నారు. నేను అనలేదు.