నైట్ షిఫ్టు వారంలో పాప నిద్ర

నాలుగేళ్లు నిండేసరికి మా పాపకు వచ్చిన మాటలు మూడు. అందులో ఒకటి "వద్దు". మిగిలిన రెండూ మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కావు. పిలిస్తే తిరగదు, కళ్లలోకి చూడదు, గట్టి చప్పుడైతే రెండు చేతులతో చెవులు మూసుకుంటుంది. కరీంనగర్‌లో డాక్టరు చూసి, ఇలాంటి పిల్లలకు వేరుగా నేర్పే బడిలో ఇప్పుడే చేర్చండి, ఈ వయసులో పోయిన ఏడాది మళ్లీ దొరకదు అన్నాడు. గోదావరిఖనిలో అలాంటి బడి ఒకటి ఉంది. పాత ఇల్లు, రెండు గదులు, ఒక టీచరు, ఒక ఆయా. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఆరుగురు పిల్లలు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఇంకో ఆరుగురు. ఏ పూట కావాలో మేమే రాసివ్వాలి. మూడు నెలలు చూసి, పిల్లను ఉంచుకోవాలో, ఇంకో ఏడాది ఆగి రమ్మనాలో టీచరు తేలుస్తుంది.

చిక్కంతా పాప పగటి నిద్రతో వచ్చింది. రోజుకొకసారి తప్పకుండా పడుకుంటుంది. పట్టిన నిద్రను చెడగొడితే సాయంత్రం దాకా తల నేలకేసి కొట్టుకుంటుంది. నిద్రవేళలో బడి పెట్టుకుంటే ఆ పిల్ల బడికి వెళ్లినా వెళ్లనట్టే. కాబట్టి నిద్ర ఎప్పుడో తెలిస్తే పూట ఏదో తేలిపోతుంది. ఇంత చిన్న లెక్కలో నేను తప్పాను. ఎలా తప్పానో చెప్పడం నా విధి అనుకుంటున్నాను. ఎదుటివాళ్ల తప్పుల మీద ఇన్నేళ్లూ చాలా కాగితం ఖర్చుపెట్టినవాణ్ని.

నేను గనిలో పనిచేస్తాను. తీరిక దొరికితే రాస్తాను, పిలిస్తే మాట్లాడతాను. తాయెత్తులు కట్టేవాణ్ని, దిష్టి తీసేవాణ్ని, పిల్లల అవకరాన్ని పోయిన జన్మకు అంటగట్టేవాణ్ని ఏ వేదిక మీదా వదిలిపెట్టలేదు. నాలుగేళ్ల పిల్ల పోయిన జన్మలో చేసిన పాపాన్ని చూసినవాడెవడు? పాపం చేసినవాడికి శిక్ష వేసే దేవుడు, చేసిన పాపమేమిటో చెప్పకుండా శిక్ష వేస్తాడా? మన ఊరి పంచాయతీ కూడా అంత అన్యాయం చెయ్యదే! ఇలా పెళ్లి పందిళ్లలోనూ చావు ఇళ్లలోనూ మనుషులను నిలదీశాను. మా అమ్మను ఇంట్లోనే నిలదీశాను.

"దేవుని కాడ ఒక్క నిద్ర చేపిద్దాం కొడుకా," అంది అమ్మ ఒకరోజు. గుడి ఆవరణలో రాత్రంతా పడుకోబెడితే మాటలు వస్తాయని ఆమె నమ్మకం. "ఎందరు పిల్లలకు మాటలు రాలే?"

"రానోళ్లు ఎందరో ఎవలన్న రాసిండ్రా అవ్వా? వచ్చినోళ్లు ఊరంత చెప్పుకుంటరు. రానోళ్లు నోరు మూసుకొని ఇంటికి పోతరు."

"నీతోని మాట్లాడుడు కంటె గోడకు తల కొట్టుకునుడు నయం."

అమ్మతో గెలిచిన ఆ ఊపులోనే నా భార్యను అడిగాను, పాప రోజూ ఎప్పుడు పడుకుంటుందని.

"ఒక్క తీర్గ ఉండది. ఒకపారి పొద్దుగాల, ఒకపారి అన్నం తిన్నంక, ఒకపారి చాయ్ యాళ్లకు," అంది.

"అందాజ మాట నాకద్దు. రాసి చూద్దాం."

ఒక నోటుబుక్కు తెచ్చి గీతలు గీశాను. తేదీ, పడుకున్న వేళ, లేచిన వేళ. రెండు వారాలు రాశాను. మొదటి వారం నాకు ఫస్టు షిఫ్టు, పొద్దున ఏడు నుంచి మూడు. పాప రోజూ నాలుగు ప్రాంతంలో పడుకుంది. రెండో వారం సెకండ్ షిఫ్టు, మూడింటికి ఎక్కాలి. ఆ వారం పన్నెండున్నరకు పడుకుంది. ఈ తేడా నన్ను కాస్త తికమక పెట్టింది గానీ, మొదటి వారం ఎండలు మండాయి, రెండో వారం మబ్బు పట్టింది, దానివల్లే అయి ఉంటుందని అనుకున్నాను. సగటు తీస్తే రెండుంబావు వచ్చింది. రెండుంబావుకు పాప ఒక్కరోజు కూడా పడుకోలేదు. అది అప్పుడు నా కంటికి ఆనలేదు. ఏమైతేనేం, నిద్ర మధ్యాహ్నానిదని తేలింది. పైగా ఓపెన్ కాస్టు గనిలో బాంబులు పేల్చేది మధ్యాహ్నం రెండున్నరకే. బండలు పగిలిన చప్పుడుకు కాలనీలో తలుపులు గడగడలాడతాయి. చప్పుడంటే హడలిపోయే పిల్లను ఆ వేళ బడిలో కూర్చోబెట్టడమేమిటి? పొద్దుటి పూటే సరైనదని అందరి ముందూ ప్రకటించాను.

"నైట్ షిఫ్టు వారం గూడ సూసినంక రాసియ్యరాదు?" అంది నా భార్య.

"శనివారం ఆఖరు. అయినా నా షిఫ్టు సంగతి పిల్ల పానానికి ఏం తెలుసే? దానికి ఎరుకైంది సూర్యుడొక్కడే."

ఆమె ఊరుకుంటే ఒప్పుకుందని లెక్క వేసుకోవడం నాకు అలవాటు.

బడి మొదలయ్యేలోపు నైట్ షిఫ్టు వారం వచ్చి వెళ్లింది. నోటుబుక్కు అప్పటికే అటక మీద ఉంది.

పాప బడికి వెళ్లిన మొదటి రెండు వారాలు మా ఇంట్లో పండగే. టీచరు చెయ్యి పట్టుకుంటే విదిలించుకోలేదట. కర్రకు రంగు రింగులు నాలుగు వరుసగా వేసిందట. మూడో వారం సోమవారం, నేను రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకున్న కాసేపటికి ఫోను మోగింది.

"సార్, పాపకు ఏమన్న నిద్రమందు ఇస్తున్నరా?" టీచరు గొంతు. "వచ్చుడు వచ్చుడే చాప మీద ఒరిగింది. లేపితే తల కొట్టుకుంటాంది."

ఆ వారమంతా అంతే. బడిలో పిల్లల కళ్లు పడ్డాయని మా అమ్మ పాప కాలికి నల్లదారం కట్టింది. కత్తెరతో తెంపి బయటికి విసిరేశాను. "మీలాంటోళ్ల వల్లనే ఈ దేశం గిట్ల ఉన్నది" అని అరిచాను. పాప చెవులు మూసుకుని మంచం కిందికి దూరింది. నేను అప్పుడు దేశం గురించి మాట్లాడుతున్నాను కనుక దాన్ని పట్టించుకోలేదు.

తర్వాతి రెండు వారాలు పాప మళ్లీ మెలకువగా ఉంది. దారం తెంపినా బాగైంది, చూశావా అని అమ్మను దెప్పాను. "రెండు దినాలు కాలికున్నది గద, గంతే సాలు," అందామె. ఆరో వారం పాప మళ్లీ బడి చాప మీద వాలిపోయింది. ఈసారి టీచరు ఇద్దరినీ రమ్మంది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చి కాసేపు కునుకు తీసి, అలాగే లేచి బడికి వెళ్లాను. చెవుల్లో బొగ్గుపొడి అలాగే ఉంది. నా భార్య అప్పటికే వచ్చి కూర్చుంది. పాప గోడవార నిద్రపోతోంది. టీచరు నోరు విప్పకముందే నేను అందుకున్నాను. కష్టమైన పిల్లలను వదిలించుకోవడానికి బళ్లన్నీ ఏదో ఒక సాకు వెతుకుతాయనీ, తెలివైన పిల్లలకు చదువు చెప్పడం ఎవరైనా చేస్తారనీ, ఇది పిల్ల హక్కనీ గది మారుమోగేలా చెప్పాను. టీచరు అంతా విన్నది. ముప్పయ్యేళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి.

"అయిపోయిందా సార్? జర నెమ్మదిగ, పాప లేస్తది." హాజరు పుస్తకం నా ముందుకు జరిపింది. పాప పడుకున్న రోజుల మీద ఆమె చిన్న సున్నాలు చుట్టింది. "రెండు వారాలు మంచిగుంటది. మూడో వారం పంటది. మళ్ల రెండు వారాలు మంచిగ, మళ్ల పంటది. ఇది జెరం గాదు, ఫిట్స్ గాదు. మూడు వారాలకోపారి మీ ఇంట్ల ఏమైతది?"

ఈ బొగ్గు బెల్టులో మూడు వారాలకోసారి ఏం తిరుగుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియడానికి ఆ సున్నాలను రెండుసార్లు లెక్కపెట్టాల్సి వచ్చింది.

"నైట్ షిఫ్టు," అంది నా భార్య, నా వైపు చూడకుండా.

నైట్ షిఫ్టు మనిషి ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. డ్యూటీ దిగినవాడు మంచమెక్కగానే కిటికీకి నల్ల దుప్పటి కడతారు. కుక్కరు పెట్టరు, టీవీ పెట్టరు, కాళ్ల పట్టీలు తీసి పక్కన పెడతారు. వాడకట్టు పిల్లలను కూడా "నైట్ షిఫ్టు ఇల్లు, సప్పుడు చెయ్యకుర్రి" అని తరిమేస్తారు. నిద్ర చాలనివాడు గనిలో కాలు చెయ్యి పోగొట్టుకుంటాడన్న భయం అది. పొద్దున తొమ్మిదింటికే ఆ ఇంట్లో రాత్రి అవుతుంది. మా నాన్నకు మా అమ్మ అలా చేసింది, నాకు నా భార్య చేస్తోంది. ఇంత పెద్ద సంగతి నా నోటుబుక్కులో లేదు. ఎలా ఉంటుంది? అది జరిగేటప్పుడల్లా నేను నిద్రపోతున్నాను.

కానీ చీకటి ఒక్కటే కాదని నా భార్య చెప్పింది.

"నువ్వు పండితెనే అది పంటది. ఏ షిఫ్టైన గంతే. నీకు నిద్ర పట్టి గురక మొదలైనంక పోయి నీ ఈపుకు చెవి ఆనిచ్చి పంటది. నీ నిద్ర ఖరాబైతదని నేనే మెల్లగ తీసి అవతల చాప మీద ఏస్త. ఈ వారం బడి టైముకు గుంజుకొని తెస్తాన. సగం నిద్రల తెస్తాన."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పంట యాళ్ల అడిగినవు. ఏడ పంటదని అడిగినవా?"

టీచరు కలం ఎత్తింది. "అక్కా, ఎవలు పిలువకుంటనే పోతదా? తనంతట తనే?"

"పిలిస్తె ఎప్పుడన్న వచ్చిందా అది?"

టీచరు పాప కాగితాలు తీసింది. మనుషుల దగ్గరికి తనంతట తాను వెళ్తుందా అనే వరుసలో, మొదటిరోజు నేను నా చేత్తో రాసిన జవాబు ఉంది: లేదు. ఆ ఒక్క జవాబు వల్లే పాపను కిందిమెట్టులో పెట్టామని టీచరు చెప్పింది. ఆ పిల్ల ఈ లోకంలో ఒక మనిషి వైపు తనంతట తాను నడిచే నడక అదొక్కటే. దాన్ని నిద్ర అని పేరుపెట్టి, గీతల మధ్య ఇరికించి, బడికి అడ్డమని తేల్చింది నేను.

"పొద్దుటి పూటల్నే ఉంటె మూడు నెలల పరీక్ష గూడ నైట్ షిఫ్టు వారమే పడతది సార్. నిద్రపోయే పిల్లను నేనేం పరీక్షించాలె?" అంది టీచరు. నస్పూర్‌కు బదిలీ అయిన కుటుంబం ఒకటి వెళ్లిపోవడంతో మధ్యాహ్నం పూటలో ఒక చోటు ఖాళీగా ఉంది. లేదా, నైట్ షిఫ్టు వారంలో నేను ఇంకెక్కడైనా పడుకోవచ్చు. అప్పుడు పాపకు నిద్ర రాదు, పొద్దుటి బడి సాగుతుంది.

ఈ రెండో దారి నాకు చక్కగా కనిపించింది, ఒక్క క్షణం. స్నేహితుడి క్వార్టరు ఖాళీగా ఉంది కూడా. నా భార్య నా మొహం చూసి, "నువ్వు అవతల పంటె అది యాడికి పోవాలె?" అంది. మధ్యాహ్నం పూటకు రాసిచ్చాం. ఫస్టు షిఫ్టు వారంలో బడి వదిలేదాకా నేను నిద్ర ఆపుకుంటే చాలు.

మధ్యాహ్నం బడి మొదటిరోజు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. రెండున్నరకు పేలుడు వినిపించింది. పాప చెవులు మూసుకుని బల్ల కిందికి దూరింది. "ఏం గాదు బిడ్డా, ఏం గాదు!" అని నేను గట్టిగా అన్నాను. పాప ఇంకా లోపలికి జరిగింది. "జర నువ్వు సప్పుడు చెయ్యకు," అంది నా భార్య, నా మోచెయ్యి పట్టుకుని. నేను ఊరుకున్నాను. దాదాపు అరగంట తర్వాత పాప తనే బయటికి వచ్చి రింగులు అందుకుంది. రెండున్నర గంటల బడిలో అరగంట రోజూ ఇలాగే పోతుందని అర్థమైంది. అలాగే పోతోంది కూడా.

మూడు నెలలకు టీచరు పరీక్షించి, ఇంకో మూడు నెలలు ఉంచుకుంటానంది. పాత జవాబు కొట్టేసి కొత్తగా రాసింది: తండ్రి నిద్రపోతున్నప్పుడు వెళ్తుంది. అయితే మెలకువగా ఉన్న మనిషి దగ్గరికి కూడా వెళ్లగలిగితేనే పైమెట్టు పిల్లల గుంపులోకి మారుస్తానని, ఇంట్లో ప్రయత్నించమని చెప్పింది.

మెలకువగా ఉన్న నా దగ్గరికి పాప ఎందుకు రాదు? ఈ ప్రశ్నను ఇంకెవరి ఇంట్లోనైనా అయితే నేను క్షణంలో తేల్చేసేవాణ్ని. మెలకువగా ఉన్నంతసేపూ నేను ఎవరినో ఓడిస్తూ ఉంటాను. నా మాటల్లో నిజం ఎంతైనా ఉండొచ్చు, చెవులు మూసుకునే పిల్లకు అందేది చప్పుడే.

మొన్నటి నైట్ షిఫ్టు వారంలో డ్యూటీ దిగి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. నిద్రపోకూడదనుకున్నాను. ఊపిరి నెమ్మదిగా వదిలాను, కాస్త గురక కూడా పెట్టాను. చాలాసేపటికి చిన్న అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. అక్కడే ఆగాయి. నేను కదల్లేదు. కాసేపటికి ఆ అడుగులు వంటింటి వైపు వెళ్లిపోయాయి.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. ఒంటిగంటన్నరకు నా భార్య లేపి, పాపను బడికి తయారుచేశానని చెప్పింది.

"వచ్చిందా?" అని అడిగాను, వీలైనంత మెల్లగా.

"వచ్చింది. నువ్వు నిజంగ పండినంక."