పూజ చేసిన సీసా

"పదిహేనో నెల వచ్చినా మా పాప అడుగు వెయ్యట్లేదు. ఏదో తేడా ఉందంటారా మాష్టారూ?"

అరటి మొక్కల టిష్యూకల్చర్ ల్యాబులో, మొక్కలు పెంచే సీసాల మధ్య నిలబడి, అక్కడే పనిచేసే దివ్య అడిగిన మాట అది. బయోటెక్నాలజీ చదివిన మనిషి. పిల్లల డాక్టరు ఫరవాలేదన్నా, పక్కింటి శ్రీవల్లి కొడుకు పదకొండో నెలకే గుమ్మం దాటేశాడన్న కబురు ముందు ఆ చదువు నిలవలేదు.

సోమేశ్వరరావు మాష్టారు కొత్తపేట కాలేజీలో బోటనీ చెప్పి, రిటైరై ఈ ల్యాబు పెట్టేరు. "ఒక్క తల్లి ముక్క నుంచి వెయ్యి చక్కెరకేళి మొక్కలండీ, వెయ్యీ అచ్చుగుద్దినట్టు!" అని రైతుల దగ్గర మురిసిపోయేవారు. ఆయన కవల కొడుకులిద్దరికీ ఒక్క విషయంలోనూ పొసగదన్నది వేరే సంగతి.

ల్యాబు ప్రారంభం నాడు పురోహితుడు బొట్టుపెట్టిన సీసాని మాత్రం పారెయ్యనిచ్చేవారు కాదు. అందులోని మొక్కనే ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్ళీ ముక్కలు చేసి పెంచమనేవారు.

"అన్నిసార్లు కోస్తే మొక్క గుణం మారిపోతుందండీ. కొత్త పిలక తెద్దాం," అని దివ్య మొత్తుకునేది.

"పూజ చేసిన సీసా అమ్మా, అది మారదు," అనేవారు, ఏళ్ళ తరబడి జన్యుశాస్త్రం చెప్పిన నోటితోనే.

మారింది. గన్నవరం దగ్గర గోదావరి లంకలో, ఆ మొక్కలు నాటిన రైతు పెదబాబు తోటకి ఇద్దరూ వెళ్ళేసరికి, నిలువెత్తు చెట్ల మధ్య కొన్ని మోకాలెత్తు దగ్గరే చతికిలబడి ఉన్నాయి.

"అచ్చుగుద్దినట్టన్నారు కదండీ! ఆ అచ్చేవన్నా అరిగిపోయిందాండీ?" అన్నాడు పెదబాబు.

మాష్టారు కండువా సర్దుకున్నారు. "పక్క చెట్టుతో కొలుస్తారేంటండీ పెదబాబుగారూ! దాని కిందటి ఆకుతో దాని కొత్త ఆకుని కొలవండి."

"ఆయ్, అలాగేనండి. గెల వేసేటప్పుడు తమరే వచ్చి కొలుద్దురుగాని," అంటూ పెదబాబు పలుగు అందుకుని పొట్టివాటిని పెళ్ళగించడం మొదలుపెట్టాడు. అవి ఇక ఎదగవని దివ్యకీ తెలుసు. మాష్టారిది తప్పించుకునే మాటనీ తెలుసు.

ఆ సాయంత్రమే పూజ సీసా అరలోంచి దేవుడి పటం దగ్గరికి చేరింది. మాష్టారి మాట మాత్రం దివ్య వెంట ఇంటికొచ్చింది.

పాప గోడ పట్టుకుని నిలబడి ఉంది. పోయిన వారం ఎవరైనా చేతులందిస్తేనే లేచేది.

"మావాడు పరుగులే పరుగులు! వచ్చి చూడవే," అని గోడవతల నుంచి శ్రీవల్లి పిలిచింది.

"తర్వాత వస్తాలేవే," అంది దివ్య. గోడవతలికి తొంగిచూడకుండా పాప ఎదురుగా చతికిలబడి, కిందటి ఆకుతో కొత్త ఆకుని కొలుచుకుంది. ఇప్పటికీ అలాగే కొలుస్తోంది.