నలభై మూడో చుట్టు దగ్గర

తిరువేంగడం గాంధీపురం వెనక వీధిలో ముప్పై ఏళ్లుగా మోటార్లకు రాగి తీగ చుడుతున్నాడు. ఎవరూ నేర్పలేదు, కాలిన మోటార్లు విప్పి చూసి నేర్చుకున్నాడు. రోజంతా తమిళంలో మాట్లాడినా చుట్లు మాత్రం తెలుగులో, పైకి లెక్కపెడతాడు. మొదలుపెట్టిన కాయిల్‌ను సగంలో వదలడు.

ఆ రోజు పదకొండున్నరకు లెక్క నలభై మూడు దగ్గర ఆగింది. మళ్లీ నలభై మూడే వచ్చింది. మూడోసారి మాట ముద్దగా వచ్చింది. లోపల కూర తరుగుతున్న భార్య కృష్ణమ్మాళ్ బయటికొచ్చింది. అతని మూతి ఒక పక్కకు లాగుతోంది, కుడిచేతి వేళ్లలోంచి తీగ జారుతోంది.

“ఏనుంగ, ఏమాయె?” అని భర్తను కంగారుగా పిలిచింది.

చెయ్యి తిమ్మిరెక్కిందనుకున్నాడు తిరువేంగడం. కాయిల్ ముగించి లేస్తానని ఎడమచేత్తో సైగ చేశాడు.

“మూతి కోణలుగా పోతా ఉండాది, మీకు కాయిల్ కావాల్నా!” ఆమె కటింగ్ ప్లయర్ తీసి తీగను తుంచేసింది. చెయ్యి పడిపోయినదానికన్నా అదే అతనికి ఎక్కువ కోపం తెప్పించింది.

ఆటోలో ఆసుపత్రికి చేరారు. ఎప్పుడు మొదలైందని డాక్టర్ యోగిత అడిగింది.

“పదకొండున్నర. లెక్క నిలిచిపోయె, గడియారం చూస్తిని,” అంది కృష్ణమ్మాళ్.

తల స్కాన్ తీసి, మెదడు నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. చెయ్యి కదల్లేదు. స్కాన్‌లో గడ్డ పెద్ద నాళంలో కాకుండా, దాన్నుంచి చీలిన మధ్యరకం కొమ్మలో కనిపించింది.

“పెద్ద నాళమైతే గొట్టం పంపి లాగేద్దామని గట్టిగా చెప్పేదాన్ని. ఈ కొమ్మ సన్నం. ఇక్కడ లాగితే మందుకన్నా మేలని పరిశోధనల్లో తేలలేదు. నాళం గోడ చిరిగితే లోపల రక్తం కారుతుంది. కానీ పోయేది పనిచేసే చెయ్యి. అందుకే అడుగుతున్నా.”

“మీరు ఇట్లాంటివి చేసినారా?”

“చేశానమ్మా. కొందరికి బాగైంది. కొందరికి కాలేదు.”

గొప్ప చెప్పుకోని ఆ జవాబు తిరువేంగడానికి నచ్చింది. తల ఊపాడు. “మె...ల్లగా,” అన్నాడు కష్టంగా.

తొడ మొదట్లోంచి సన్నని గొట్టం మెదడు దాకా పంపారు. రెండోసారి లాగితే గడ్డ వచ్చింది.

మూడు నెలలకు మాట తిరిగొచ్చింది. బొటనవేలు, చూపుడువేలు తీగను పట్టుకుంటున్నాయి గానీ, సన్నతీగ బిగువు వాటికి తెలియడం లేదు. బోరు మోటార్ల లావుతీగ తనే చుడతాడు. సన్నతీగతో చుట్టాల్సిన ఫ్యాన్లు తెచ్చినవాళ్లను పక్క వీధిలో అదే పని చేసే మాణిక్కం దగ్గరికి పంపుతాడు.

“అక్కడికి పొండి. వాడు బాగా చుడతాడు,” అంటాడు.

మొదటిసారి ఆ మాట అనడానికి వారం పట్టింది.