మా బాపు బాగుచేసిన మిలిటరీ కారు

ఉదయం ఆరూ నలభైకి నార్కట్‌పల్లి చౌరస్తాలో కారు ఆపాను. ఏప్రిల్ నెల. గాలి లేదు, మబ్బు తునక లేదు. సికింద్రాబాద్ నుంచి యాభై మైళ్ల పైచిలుకు వచ్చాం. వెనక సీట్లో కెప్టెన్ సాబ్ మ్యాపు మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇక్కణ్ణుంచి డ్యూటీ మొదలు. పన్నెండు రోజులు" అన్నారు. ఆయన పంజాబీ. మాట్లాడేది హిందీ. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

చైనా యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. పటాలానికి కొత్తవాళ్లు కావాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు తిరిగి, యువకుల ఎత్తు, బరువు, ఛాతీ కొలిచి, పనికొచ్చేవాళ్ల పేర్లు రాసుకురావాలి. ముగ్గురం వెళ్లాం. కెప్టెన్ సాబ్. మదురై వైపు నుంచి వచ్చిన హవల్దార్ క్లర్కు. డ్రైవరూ మెకానిక్కూ నేనే. అప్పుడు నేను లాన్స్ నాయక్‌ని. భుజం మీద ఒక గీత. రెండో గీతకు కాగితం తయారై ఉంది, వచ్చే నెలలో కుడతారు.

మీరంతా నన్ను యుద్ధం గురించే అడుగుతారు. మంచు గురించి, తుపాకుల గురించి. అవన్నీ చెప్పాను, మీరు విన్నారు. కానీ నా గుండె గొంతులోకి వచ్చింది సరిహద్దులో కాదు, డిండి వైపు దిగే పల్లంలో. ఆ సంగతి మా బాపు ఉన్నన్నాళ్లూ నేను ఎవరికీ చెప్పలేదు.

సామాను చాలా తక్కువ. ఒక తూకం, ఒక టేపు, కళ్ల పరీక్షకు అక్షరాల అట్ట. పెట్రోలు డబ్బాలు రెండు. జాకీ, స్పానర్ల మూట, టార్చి. ఆలివ్ రంగు స్టాఫ్ కారు. దాని నట్టు నట్టూ నాకు తెలుసనుకునేవాణ్ణి.

మూడో రోజు పది గంటలకు, నల్లగొండ దాటాక, కారు మొదటిసారి మూలిగింది. బ్రేకు తొక్కితే గరగర, వదిలితే ఏమీ లేదు. కాబట్టి బేరింగు కాదు. బేరింగయితే తొక్కినా తొక్కకపోయినా మోగుతూనే ఉంటుంది. ఏ చక్రమో తెలియాలి. మెల్లగా నడుపుతూ హవల్దారును కిటికీలోంచి తల బయట పెట్టమన్నాను.

"వెనక ఎడమ" అన్నాడు.

జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పి చూశాను. చక్రం వెనక రేకుకు చిన్న కన్నం ఉంటుంది, దానికో రబ్బరు బిరడా. బిరడా తీసి టార్చి వేశాను. బ్రేకు తొక్కినప్పుడు డ్రమ్మును లోపలి నుంచి పట్టుకునే పట్టీ అరిగి కాగితమంత అయింది. దాన్ని బిగించిన రివెట్ల తలలు పైకి తేలి డ్రమ్మును గీస్తున్నాయి. కారు ఆగుతుంది. కానీ ఎక్కువ రోజులు ఇలాగే తిప్పితే డ్రమ్ము చెడుతుంది.

నాలుగో రోజు సాయంత్రం దేవరకొండ చేరాం. ఐదింటికి పోలీసు వైర్‌లెస్ మీద హవల్దారు సికింద్రాబాద్‌లోని మా డిపోను పిలిచాడు.

"వెనక ఎడమ బ్రేకు పట్టీలు అరిగాయి. కొత్తవి కావాలి. ఓవర్."

"మహబూబ్‌నగర్‌కు రైల్లో పంపుతాం. నాలుగు రోజులు పడుతుంది. ఓవర్."

"అప్పటిదాకా? ఓవర్."

"మెల్లగా నడపండి. అవుట్."

కెప్టెన్ సాబ్ నా వైపు చూశారు. "ఏడ్చినా ఆగుతుంది కదా?"

"ఆగుతుంది సాబ్."

ఐదో రోజు మా ఊరు. దేవరకొండకు ఏడు మైళ్లు. నేను ఆ ఊరి మొహం చూసి నాలుగేళ్లయింది.

మాది నేత ఇల్లు. నేను ఒక్కణ్ణే కొడుకును. పద్దెనిమిదేళ్లప్పుడు మగ్గం మీద చీర సగంలో వదిలి, చెప్పకుండా సికింద్రాబాద్ వెళ్లి పటాలంలో చేరాను. మిగతా సగం బాపే నేశాడట. ఆ తర్వాత బాపు నుంచి నాకు ఒక్క ఉత్తరం లేదు. అమ్మ మాత్రం పంతులుగారితో రాయించేది. ప్రతి ఉత్తరంలో చివరి వాక్యం ఒకటే: "మీ బాపు మంచిగున్నడు." నేను రాసిన వాటికి ఆయన నుంచి జవాబు రాలేదు. తప్పు నాదే. అడిగితే వద్దంటాడని అడగకుండా పోయాను. అడిగి ఉంటే ఏమనేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎనిమిదీ పదికి గరగరలాడిస్తూ మా వీధిలోకి వచ్చాను. ఆ చప్పుడుకు వీధి వీధంతా బయటికొచ్చింది. బడికి దగ్గరగా, కారుకు సరిపోయే నీడ మా గోడ పక్కనే ఉంది. అక్కడే ఆపాను. దిగి, బిరడా తీసి, మళ్లీ ఒకసారి టార్చి వేసి చూశాను. బిరడాను మడ్‌గార్డు మీద పెట్టాను. లోపల మగ్గం గుంటలోంచి, కిటికీలోంచి, బాపు ఇదంతా చూస్తున్నాడని నాకు తెలుసు. ఆయన చూస్తున్నాడనే, అవసరం లేకపోయినా, కాస్త ఎక్కువ సేపు వంగి చూశాను.

అమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. కెప్టెన్ సాబ్‌కు మజ్జిగ ఇచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి తాగి, బాపుకు నమస్కారం పెట్టారు. బాపు తల ఊపాడు, పోగుల మధ్య ఆడే నాడె మాత్రం ఆపలేదు. నేను గుంట ఒడ్డున గొంతుక్కూర్చున్నాను.

"బాపూ, మంచిగున్నవా?"

నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. నాలుగుసార్లు. తర్వాత, పోగు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"గా బండెందుకు గట్ల మొత్తుకుంటాంది?"

నాలుగేళ్ల తర్వాత మా బాపు నాతో అన్న మొదటి మాట అది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లోపల పట్టీ అరిగింది బాపు. ఇనుముకు ఇనుము రాసుకుంటాంది."

"రాసుకుంటే నూనె పెట్టకపోతివా? గిదేనా నేను నేర్పింది?"

నేర్పింది అదే. మగ్గం కిర్రుమంటే చాలు, ఆముదం గిన్నెలో కోడి ఈక ముంచి, ఎక్కడ రాసుకుంటుందో చెవి పెట్టి విని, అక్కడ పూయాలి. మా ఇంట్లో అన్నం కన్నా ముందు ఆ పని నేర్పుతారు. ఆయనకు చెప్పాలనుకున్నాను: మగ్గం వేరు, బ్రేకు వేరు, బ్రేకులో రాపిడే ప్రాణం, నూనె తగిలితే ప్రాణం పోతుంది అని. అంతలో బడి వైపు నుంచి కెప్టెన్ సాబ్ కేక వినిపించింది.

"మల్ల చెప్త బాపు" అని లేచాను.

చెప్పలేదు.

బడి అరుగు మీద పని. హవల్దారు రాస్తున్నాడు, నేను కొలుస్తున్నాను. పదకొండూ ఇరవైకి టేపు చుట్టుకుంటూ తలెత్తి మా ఇంటివైపు చూశాను. కారు కింది నుంచి రెండు పాదాలు బయటికి కనిపిస్తున్నాయి. పగిలిన మడమలు. తొక్కుడు చెక్క మీద నలభై ఏళ్లు ఆడి నల్లగా కాయకట్టిన బొటనవేలు. బాపు! ఎండకు ఓర్వలేక నీడకు పడుకున్నాడనుకున్నాను. పలకరించకపోతేనేం, నా కారు నీడలో పడుకున్నాడు కదా అని లోపల్లోపల మురిసిపోయాను. హవల్దారు "ఛాతీ ఎంత?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఒంటిగంటా పదిహేనుకు బయల్దేరాం. ఈసారి బాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాడు. నేను అద్దంలో ఆయన్ను చూసుకుంటూనే వీధి మలుపు దాకా వచ్చాను. మలుపులో బ్రేకు తాకాను. గరగర లేదు.

"అరే, బాగైపోయిందే!" అన్నారు కెప్టెన్ సాబ్.

మెకానిక్కన్నవాడు అక్కడే దిగి చూడాలి. చప్పుడు దానంతటది పోదు. పోయిందంటే ఇంకేదో జరిగిందన్నమాట. ఈ ముక్క నేను ఎంతోమందికి నేర్పాను. ఆ రోజు నా బుర్ర గుమ్మంలో నిలబడ్డ మనిషి దగ్గరే ఉండిపోయింది. మడ్‌గార్డు మీది బిరడా కూడా గుర్తు రాలేదు. దారి తిన్నగా ఉంది. మైళ్ల తరబడి బ్రేకుతో పని పడలేదు.

ఒకటీ యాభైకి డిండి వైపు పల్లం మొదలైంది. ముప్పై అయిదు మైళ్ల వేగం. కింద రోడ్డు పని జరుగుతోంది. కుడిపక్క కంకర కుప్పలు. ఎడమపక్క ఆడవాళ్లు రాళ్లు కొడుతున్నారు. వాళ్ల పక్కన మూడు కట్టెలు నిలబెట్టి కట్టిన గుడ్డ ఊయల.

బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది. కారు ఆగడం లేదు. మళ్లీ తొక్కాను. చేతి బ్రేకు లాగాను. అదీ అంతే. మూడో గేరు నుంచి రెండుకు దించాను. ఇంజన్ గోల పెట్టింది. హారన్ మీద చెయ్యి తీయకుండా, "పట్టుకోండి సాబ్!" అని అరిచి, కుడికి తిప్పి కంకర కుప్పలోకి తోలాను.

కారు ముక్కు కంకరలో దిగబడి ఆగింది. ఒక లైటు పగిలింది. హవల్దారు నుదురు గీసుకుంది. ఊయల కట్టెలకు మేం ఆగిన చోటుకు మధ్య పదడుగులు. ఒక ఆమె పరుగున వచ్చి బిడ్డను ఎత్తుకుంది.

"కండ్లు నెత్తికెక్కినయా? పసిపిల్ల ఉన్నది గీడ!"

"తప్పయింది అక్కా" అన్నాను. ఆమె ఇంకా తిడుతూనే, నా మొహం చూసి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది.

పెడల్ గట్టిగా ఉందంటే గొట్టాల్లో లోపం లేదు. లోపం డ్రమ్ముల్లో. ముందు ఎడమ చక్రం విప్పాను. డ్రమ్ము లాగగానే వాసన ముక్కుకు తగిలింది. పెట్రోలు కాదు, గ్రీజు కాదు. అది మా ఇంటి వాసన. పట్టీల స్ప్రింగులో ఏదో ఇరుక్కుని ఉంది. లాగాను. కోడి ఈక.

హవల్దారు వంగి వాసన చూశాడు. "ఇది ఆముదం! మా అమ్మ ముక్కు మూసి తాగించేది. చచ్చినా మరిచిపోను."

నాలుగు చక్రాలూ విప్పాను. నాలుగింట్లోనూ ఆముదం. తెరిచి ఉన్న కన్నం చూసి, మిగతా బిరడాలు ఎలా తీయాలో బాపు తెలుసుకున్నాడు. నేను ఎక్కువ సేపు వంగి చూపించింది ఆయనకు పాఠమైంది. మూలుగుతున్న చక్రానికి పెట్టి మిగతావాటిని వదిలేసే రకం కాదు మా బాపు. పని తీసుకుంటే పూర్తిగా చేస్తాడు. తీసిన బిరడాలన్నీ జాగ్రత్తగా తిరిగి పెట్టాడు, నేను మడ్‌గార్డు మీద వదిలింది కూడా.

నేను ఆ ఈక పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను. ఏమని ఏడ్చానో చెప్పమంటే చెప్పలేను. మమ్మల్ని ముగ్గుర్నీ, ఆ పసిపిల్లనూ చంపబోయిన పని అది. నాలుగేళ్లలో నాకోసం బాపు చేసిన మొదటి పనీ అదే.

కెప్టెన్ సాబ్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. మిలిటరీ బండిని బయటివాడు ముట్టుకుంటే పోలీసు కేసు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"మీ ఇంట్లో మజ్జిగ తాగినప్పుడు మగ్గం పక్కన గిన్నె చూశాను. అందులో ఈక ఉంది" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "సాబ్, మా బాపుకు తెలియదు..."

"అడిగినదానికి జవాబు చెప్పు. బిరడా తీసింది ఎవరు?"

"నేనే సాబ్."

"తీసి మరిచింది?"

"నేనే."

"చప్పుడు ఆగినా దిగి చూడంది?"

"నేనే సాబ్."

"అయితే తప్పు నీది. రెండో గీత ఆరు నెలలు ఆగుతుంది. రిపోర్టులో ఇంతే రాస్తాను." నా చేతిలోని ఈక వైపు చూపించారు. "అది సర్కారు సామాను కాదు. నువ్వే ఉంచుకో."

అంత న్యాయమైన శిక్ష నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

మూడు గంటలు పట్టింది. పెట్రోలుతో కడిగాను, గరుకు కాగితంతో పట్టీలు రుద్దాను, ఎండలో ఆరబెట్టాను. ఐదున్నరకు ఎక్కించి, మెల్లగా నడుపుతూ బ్రేకు తొక్కాను. వెనక ఎడమ చక్రం గరగరమంది. కారు ఆగింది. హవల్దారు నుదుటికి గుడ్డ కట్టుకునే చప్పట్లు కొట్టాడు. మహబూబ్‌నగర్‌లో కొత్త పట్టీలు పడేదాకా ఆ గరగర వింటూనే పోయాం.

పన్నెండో రోజు సికింద్రాబాద్ చేరాం. నెల తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. రాత పంతులుగారిది. మాటలు మా బాపువి. నాలుగేళ్లలో మొదటిది.

"బిడ్డా, బండి మొత్తుకునుడు బంద్ అయిందా? మల్ల మొత్తుకుంటే జాబు రాయి. ఫికర్ చెయ్యకు."

రెండు రోజులు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. నిజం రాస్తే ఆయన మళ్లీ నాకు ఉత్తరం రాయడు. తన చేత్తో కొడుకును చంపబోయానని తెలిస్తే అసలు బతకడు. మూడో రోజు రాశాను: "బంద్ అయింది బాపు. నువ్వు జేసినంక మొత్తుకుంటదా?"

ఆ తర్వాత ప్రతి నెలా ఉత్తరమే. నా గీతలు, నా పెళ్లి, నా పిల్లలు, అన్నీ ఆ ఉత్తరాల్లో నడిచాయి. నేను సర్వీసు ముగించుకుని పెట్టెతో బస్సు దిగేనాటికి బాపుకు చూపు తగ్గింది. తడిమి నా భుజం మీది గీతలు లెక్కపెట్టాడు. అప్పటికే మా వీధిలో ఆ కథ తెలియనివాళ్లు లేరు. కెప్టెన్‌కు చేతగానిది, కొడుకుకు చేతగానిది, ఒక ఈకతో తాను చేశానని బాపు చెప్పుకున్న కథ.

"గా బండి మల్ల మొత్తుకున్నదా?" అని అడిగాడు.

"లేదు బాపు."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మంచు కొండలు ఇప్పుడు కలలోకి కూడా రావు. ఈక ఇంకా నా పటాలం జీతం పుస్తకంలోనే ఉంది. కానీ నన్ను వదలనిది అది కాదు. పదకొండూ ఇరవై. మండుటెండ. కారు కింది నుంచి బయటికి వచ్చిన రెండు పాదాలు. చెవి చక్రానికి ఆనించి, నొప్పి ఎక్కడుందో వింటున్నాడు. నేనేమో నీడకు పడుకున్నాడనుకుని ఎవరిదో ఛాతీ కొలుస్తున్నాను.